జారిన రోకలి, పగిలిన టైల్: అద్దె ఇంట్లో నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

క్లుప్తంగా: "కావాలని చేయలేదు" అన్నంత మాత్రాన అద్దెకున్నవాళ్ల బాధ్యత పోదు. అలాగని ఇంట్లో ఏది పాడైనా వాళ్లే కట్టాలని చట్టం చెప్పడం లేదు. వాడకం వల్ల వచ్చే అరుగుదల, అజాగ్రత్త వల్ల జరిగే నష్టం, మనిషి ఆపలేని విపత్తు అనే మూడింటినీ భారత చట్టం విడివిడిగా చూస్తుంది. అయితే ఇల్లు ఖాళీ చేసే రోజు ఈ తేడాలకన్నా అడ్వాన్స్ ఎవరి చేతిలో ఉంది, మొదట్లో ఇల్లు ఎలా ఉందో చూపించే రుజువు ఉందా అన్నవే ఎక్కువగా పని చేస్తున్నాయి.

ఒక్క టైల్ చుట్టూ

వంటింట్లో అల్లం, వెల్లుల్లి దంచుతుంటే చేతిలోంచి ఇనుప రోకలి జారిందనుకుందాం. రెండడుగుల విట్రిఫైడ్ టైల్ ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది. ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ కంట అది పడుతుంది. "ఈ డిజైన్ ఇప్పుడు రావట్లేదండీ, వంటిల్లంతా మార్చాలి" అంటారు. అద్దెకున్నవాళ్ల లెక్కలో అది ఒక టైల్, ఒక మేస్త్రీకి సగం రోజు కూలి. ఓనర్ లెక్కలో వంటిల్లు మొత్తం.

ఓనర్ మాటలో కొంత నిజం ఉంది. విట్రిఫైడ్ టైల్స్ బ్యాచ్ మారితే రంగులో చిన్న తేడా వస్తుంది. నాలుగైదేళ్లు గడిస్తే అదే మోడల్ దొరకడం కష్టం. కానీ ఆ టైల్ అంత తేలిగ్గా ఎందుకు పగిలిందన్న ప్రశ్న కూడా ఉంది, అది ఎవరూ అడగరు. టైల్ కింద సిమెంటు నిండుగా పరవకుండా అక్కడక్కడా ముద్దలు పెట్టి అతికించేస్తే మధ్యలో బోలుగా ఉండిపోతుంది. వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. కింద గట్టిగా ఉన్న టైల్‌పై రోకలి పడితే చిన్న పెచ్చు ఊడి ఊరుకునేది, బోలుగా ఉన్నచోట పడితే నిలువునా చీలుతుంది. అంటే చెయ్యి జారింది అద్దెకున్నవాళ్లది, పని సరిగ్గా చేయనిది ఓనర్ పెట్టుకున్న మేస్త్రీ. అనుకోని నష్టాల్లో చాలా వాటికి ఇలా రెండు కారణాలు ఉంటాయి. కోత మాత్రం ఒకవైపే పడుతుంది.

1882 నాటి చట్టం, జిరాక్స్ షాపు అగ్రిమెంటు

అద్దె ఇంటి విషయంలో మూలసూత్రాలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో, సెక్షన్ 108లో ఉన్నాయి. అందులోని (ఎం) క్లాజు ప్రకారం ఇల్లు చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో, వెళ్లేటప్పుడు అలాగే అప్పగించాలి. మినహాయింపులు రెండే: మామూలు అరుగుదల, ఎవరూ ఎదుర్కోలేని శక్తి వల్ల వచ్చిన మార్పు. అద్దెదారు గానీ, వాళ్ల పనివాళ్లు గానీ, వాళ్ల తరఫు మనుషులు గానీ చేసిన పని వల్లో, చేయాల్సింది చేయకపోవడం వల్లో లోపం ఏర్పడితే, ఓనర్ నోటీసు ఇచ్చిన 3 నెలల్లో బాగు చేయించాలి. (ఓ) క్లాజు ఇంకాస్త సూటిగా ఉంటుంది. మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత ఇంటిని ఎలా వాడుకుంటాడో అద్దె ఇంటినీ అలాగే వాడాలి.

"పొరపాటున జరిగింది" అన్నది ఈ మినహాయింపుల్లో లేదు. చట్టం చూసేది ఉద్దేశాన్ని కాదు, జాగ్రత్తను. చెయ్యి జారడం, మరచిపోవడం, పిల్లాడు బంతితో కిటికీ అద్దం పగలగొట్టడం అన్నీ "అనుకోనివే". అయినా వాటి ఖర్చు మామూలుగా అద్దెకున్నవాళ్ల మీదే పడుతుంది. గోడలో వేసిన పాత పైపు తుప్పు పట్టి పగిలితే పడదు.

ఇదే సెక్షన్ మొదటి వాక్యంలో ఒక మెలిక ఉంది. వేరే ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయి. అంటే స్టాంపు పేపర్ మీద సంతకం చేసిన వాక్యం ముందు, చట్టం తర్వాత. చాలా అగ్రిమెంట్లు కోర్టు పక్కన జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఉన్న పాత ఫైలులో పేర్లు, అద్దె మార్చి తీసినవే. "ఇంటికి ఎలాంటి నష్టం జరిగినా అద్దెదారే భరించాలి" అనే లైను అందులో ఎవరి కోసం చేరిందో ఓనర్‌కు కూడా తెలియదు. ఆ లైను కిందే సంతకం ఉంటే, అరుగుదల గురించి తర్వాత వాదించడం కష్టమవుతుంది.

తెలంగాణలో ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 అద్దె నియంత్రణ చట్టం కూడా ఉంది. భవనం విలువ గానీ, ఉపయోగం గానీ గణనీయంగా దెబ్బతినేలా అద్దెదారు పాడుచేస్తే ఖాళీ చేయించడానికి అది ఒక కారణం. కానీ 2005 సవరణతో మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె రూ. 3,500 దాటిన ఇళ్లు ఆ చట్టం బయటికి వచ్చేశాయి. హైదరాబాద్‌లో ఆ ధరకు గది కూడా దొరకడం కష్టం. కాబట్టి నగరంలోని ఫ్లాట్లలో చాలా మటుకు 1882 చట్టం, చేతిలోని అగ్రిమెంటు, ఈ రెండే దిక్కు.

2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ అద్దె చట్టం ఈ గందరగోళాన్ని తగ్గించే ప్రయత్నం. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. ఆ తరహాలో అద్దె చట్టాన్ని మార్చుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కేంద్రం లెక్కలోకి తీసుకుంది. ఎవరు ఏది బాగు చేయించాలో ఈ నమూనా ఒక పట్టికే ఇచ్చింది. గోడలకు సున్నం, తలుపులకు పెయింట్, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనర్ పని. ట్యాప్ వాషర్లు, స్విచ్‌లు, సాకెట్లు, గీజర్, వాష్‌బేసిన్, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు అద్దెదారు పని. ఇంటిని ఉద్దేశపూర్వకంగా గానీ, నిర్లక్ష్యంతో గానీ పాడుచేయకూడదనీ, నష్టం జరిగితే రాతపూర్వకంగా ఓనర్‌కు చెప్పాలనీ కూడా అందులో ఉంది.

అరుగుదల ఎక్కడ ఆగుతుంది

గీజర్ ఆ పట్టికలో అద్దెదారు వైపు ఉంది. వాడుకునేవాళ్లే బాగు చేయించుకోవాలి అన్న తర్కం చూడటానికి సబబుగానే ఉంది. బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్‌లో మాత్రం అది తేడా కొడుతుంది. ఉప్పు నీటిలోని కాల్షియం గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిపడుతుంది. ఆ పొర మందమయ్యేకొద్దీ వేడి నీటిలోకి వెళ్లక కాయిల్‌లోనే నిలిచి, చివరికి కాయిల్ మాడిపోతుంది. అందులో అద్దెకున్నవాళ్ల తప్పేమీ లేదు. ట్యాపుల మీద తెల్ల మరకలు, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, బాత్రూం అద్దం అంచులు నల్లబడటం ఇదే కోవలోకి వస్తాయి. అరుగుదలకు మంచి గుర్తు ఇదే: ఆ ఇంట్లో ఎవరున్నా, ఎంత జాగ్రత్తగా ఉన్నా అదే జరిగేది.

అజాగ్రత్తకు ఉదాహరణ రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలనీల్లో అందరికీ తెలిసిందే. పొద్దున ట్యాప్ తిప్పితే నీళ్లు రాలేదు. తిప్పింది తిప్పినట్టే వదిలేసి, సింకులో అంట్ల గిన్నెలుండగా ఆఫీసుకు వెళ్లిపోయారు. పదకొండింటికి నీళ్లొచ్చాయి. మెతుకులు జాలీకి అడ్డుపడి సింకు నిండింది, వంటిల్లు నిండింది, సాయంత్రానికి ప్లైవుడ్ కప్‌బోర్డుల అడుగులు ఉబ్బిపోయాయి. కింది ఫ్లాట్ సీలింగ్ మీద మరక. కావాలని ఎవరూ చేయలేదు, కానీ ట్యాప్ కట్టేసి ఉంటే జరిగేది కాదు. ఇది అద్దెకున్నవాళ్ల ఖాతా. అదే కింది ఫ్లాట్‌లో అదే మరక, పైన బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ పోవడం వల్ల వస్తే అది ఓనర్ ఖాతా. మరక చూసి తేడా చెప్పలేం. ఒక్క రోజులో వచ్చి ఆరిపోయిందా, నెలల తరబడి మెల్లగా విస్తరించిందా అన్నది చూడాలి.

మధ్యలో ఉండే కేసులే పేచీకి దారి తీస్తాయి. దేవుడి గూడు పైన దీపం మసి, సిలిండర్ అడుగు రింగు టైల్ మీద వదిలిన తుప్పు మరక, గోడకు కొట్టిన మేకులు. రెండు మూడు మేకులు అరుగుదల, ఇరవై మేకులు నష్టం అని ఎక్కడా రాసి లేదు. ఇంగ్లండ్‌లో 1950ల నాటి వారెన్-కీన్ కేసులో జడ్జి లార్డ్ డెన్నింగ్ చెప్పిన కొలమానం ఇక్కడ కూడా పనికొస్తుంది. తన చెత్తతో సింకు మూసుకుపోతే తీయించడం లాంటి చిన్నచిన్న పనులు అద్దెదారు చేసుకోవాలి, తనూ తన ఇంటివాళ్లూ వచ్చిన అతిథులూ ఇంటిని పాడుచేయకుండా చూసుకోవాలి. కాలంతో, వాడకంతో వచ్చే శిథిలతకు ఆయన బాధ్యుడు కాడు. అతిథులు అన్న మాట గమనించదగ్గది. పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలు గోడల మీద స్కెచ్ పెన్నుతో గీస్తే అడగాల్సింది వాళ్ల అమ్మానాన్నలను కాదు, ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లనే.

చెప్పకుండా దాచిపెడితే చిన్న నష్టం పెద్దదవుతుంది. సింకు కింద పైపు కారుతున్నట్టు తెలిసీ నాలుగు నెలలు బకెట్ పెట్టుకుని నెట్టుకొస్తే, కారడం మొదలవడానికి కారణం ఏదైనా కప్‌బోర్డు కుళ్లిపోవడంలో అద్దెదారు వాటా ఉంటుంది. చెప్పినా ఓనర్ పట్టించుకోకపోతే? తను చేయించాల్సిన మరమ్మతు ఓనర్ సరైన సమయంలో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని సెక్షన్ 108 (ఎఫ్) చెబుతుంది. దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. మరుసటి నెలే ఖాళీ చేయమంటారన్న భయం.

పాతది పోతే కొత్తది ఇవ్వాలా

బాధ్యత ఎవరిదో తేలాక అసలు లెక్క మొదలవుతుంది. పగిలిన వాష్‌బేసిన్ ఎనిమిదేళ్ల నాటిదైతే, కొత్తదాని ధర మొత్తం అద్దెదారు కట్టాలా? 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 నష్టానికి పరిహారం ఇప్పిస్తుంది. నష్టపోయినదానికన్నా మెరుగైనది చేతికి ఇప్పించడం దాని పని కాదు. బ్రిటన్‌లో అద్దె డిపాజిట్ తగవులు తీర్చేవాళ్లు దీన్నే కచ్చితంగా పాటిస్తారు: వస్తువు మొత్తం ఆయుష్షులో ఎంత మిగిలి ఉందో దానికే డబ్బు.

లెక్క ఇలా ఉంటుంది. పెయింట్ ఖర్చు రూ. 30,000, దాని ఆయుష్షు 5 ఏళ్లు అనుకుందాం. కొత్త పెయింట్ వేసిన ఇంట్లో 3 ఏళ్లున్నాక పిల్లల గీతల వల్ల మళ్లీ వేయాల్సి వచ్చింది. మిగిలిన ఆయుష్షు 2 ఏళ్లు, అంటే రూ. 12,000. ఐదేళ్లు దాటాక అయితే గీతలున్నా లేకపోయినా పెయింట్ వేయించే సమయం ఎలాగూ వచ్చింది. మన దగ్గర జరిగేది వేరు. "పెయింటింగ్‌కు ఒక నెల అద్దె కట్" అన్నది హైదరాబాద్‌లో ఎంత మామూలైపోయిందంటే, గోడలు అద్దంలా ఉన్నా కోస్తారు. అగ్రిమెంటులో అలా రాసుకుని ఉంటే అది పరిహారం కాదు, దాదాపు అద్దెలో భాగం. రాసుకోకపోతే ఓనర్ నష్టం చూపించాలి.

ముందే రాసుకున్న జరిమానాలకూ హద్దు ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, కోర్టు దానికి మించకుండా సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. ఫతే చంద్-బాలకిషన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 1963లోనే ఈ సంగతి తేల్చింది.

డబ్బు ఎవరి చేతిలో ఉంది

చట్టప్రకారం నష్టం జరిగిందని అడిగేవాళ్లే దాన్ని నిరూపించాలి. అడ్వాన్స్ ఈ బరువును తలకిందులు చేస్తుంది. డబ్బు ముందే ఓనర్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన కోర్టుకు వెళ్లాల్సిన పని లేదు, కోసుకుంటే చాలు. తిరిగి రాబట్టుకోవాల్సింది అద్దెదారు. రూ. 15,000 కోసం సివిల్ దావా ఎవరు వేస్తారు? అప్పటికే కొత్త ఇంటి అడ్వాన్స్, లారీ, గ్యాస్ బదిలీ టెన్షన్‌లో ఉంటారు. దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుంది, కోర్టు ఫీజు ఉండదు. ఆ దారి సంగతి చాలామందికి తెలియదు.

అడ్వాన్స్ పెరిగేకొద్దీ ఈ అసమానత పెరుగుతుంది. హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అద్దె మామూలు. బెంగళూరులో పది నెలల అద్దె అడిగే అలవాటు ఏళ్లుగా ఉంది. మోడల్ చట్టం నివాస గృహాలకు రెండు నెలలతో ఆపమంది.

బ్రిటన్ ఈ ముడిని వేరేలా విప్పింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007 ఏప్రిల్ నుంచి మామూలు నివాస అద్దెల డిపాజిట్‌ను గుర్తింపు పొందిన రక్షణ పథకం కింద పెట్టి తీరాలి. గొడవొస్తే ఆ పథకంవాళ్లే ఉచితంగా తీర్పు చెబుతారు, రుజువు చూపాల్సింది ఓనర్. చేరిన రోజు తీసిన వస్తువుల జాబితా, ఫోటోలు లేని ఓనర్ అక్కడ ఓడిపోవడం మామూలే. ఇంగ్లండ్‌లో 2019 చట్టం చాలా ఇళ్లకు డిపాజిట్‌ను 5 వారాల అద్దెకు కుదించింది కూడా.

అమెరికాలో గడువులతో పని నడుస్తుంది. కాలిఫోర్నియాలో 21 రోజులు, టెక్సస్‌లో 30 రోజుల్లోగా డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, కోస్తే దేనికెంతో జాబితా ఇవ్వాలి. టెక్సస్‌లో దురుద్దేశంతో ఆపితే, ఆపిన మొత్తానికి మూడింతలు, పైగా 100 డాలర్లు కట్టాల్సి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఒక చిన్న మెలిక గుర్తుంచుకోవాలి. కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చేవరకు డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఓనర్‌కు ఉండదు.

నిప్పు, గ్యాస్, వరద

చిన్న నష్టాలకు అడ్వాన్స్ సరిపోతుంది. అగ్నిప్రమాదానికి చాలదు. షార్ట్ సర్క్యూట్ గోడలోని పాత వైరింగ్‌లో మొదలైతే అది ఓనర్ ఇల్లు బాగా లేకపోవడం. 6 ఆంపియర్ల సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి, దానికే టన్నున్నర ఏసీ, ఇస్త్రీపెట్టె కలిపి వాడితే, సన్నని వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరగడం అద్దెదారు చేసిన పని. మొదట ఎక్కడ కాలిందో చెప్పే ఫైర్ సర్వీస్ నివేదిక మీదే ఇక్కడ అంతా ఆధారపడుతుంది. ఫ్రాన్స్‌లో ఈ వాదనకు మొదటి నుంచే ఒక దిశ ఉంది. అక్కడి సివిల్ కోడ్ 1733వ అధికరణం ప్రకారం, నిప్పు నిర్మాణ లోపం వల్లో, విపత్తు వల్లో, పక్కింటి నుంచో వచ్చిందని నిరూపించుకోకపోతే అద్దెదారే బాధ్యుడు. అందుకే 1989 నుంచి మామూలు అద్దె ఇళ్లకు అద్దెదారు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు.

వంటగ్యాస్ విషయంలో మనకు తెలియకుండానే ఒక రక్షణ ఉంది. ఆయిల్ కంపెనీలు వినియోగదారుల కోసం పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకుంటాయి, మన దగ్గర ప్రీమియం ఏమీ వసూలు చేయవు. సిలిండర్ ప్రమాదంలో ప్రాణనష్టం జరిగితే ఒక్కొక్కరికి రూ. 6 లక్షలు, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి గరిష్ఠంగా రూ. 2 లక్షలు. కానీ ఆస్తి నష్టం కవర్ కనెక్షన్ రిజిస్టరైన చిరునామాకే వర్తిస్తుంది. ఇల్లు మారి ఏడాదైనా గ్యాస్ బుక్కులో పాత అడ్రసే ఉంచేసినవాళ్లకు, ఊళ్లో అమ్మానాన్నల పేరున్న సిలిండర్ తెచ్చి వాడుకునేవాళ్లకు ఆ రూ. 2 లక్షలు అందే దారి అక్కడే మూసుకుపోతుంది. అప్పుడు కాలిన వంటింటి ఖర్చు కోసం ఓనర్ చూసేది అద్దెదారు వైపే.

వరద వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి ఇళ్లలో నీళ్లు నిలిచాయి. ఉబ్బిన తలుపులకు, పెచ్చులూడిన గోడలకు అద్దెదారును అడిగే హక్కు ఓనర్‌కు లేదు, అది ఎవరూ ఆపలేని శక్తి. ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైతే గానీ, చాలా మటుకు శాశ్వతంగా పనికిరాకుండా పోతే గానీ అద్దె ఒప్పందం వదులుకునే అవకాశాన్ని 108 (ఇ) అద్దెదారుకే ఇస్తుంది. నష్టం ఆయన తప్పు వల్ల జరగకూడదు, అంతే. అద్దెదారు సొంత ఫ్రిజ్, మంచాలు, పుస్తకాల నష్టం మాత్రం ఆయనదే. దానికి ఓనర్ బాధ్యుడు కాడు.

ఇన్సూరెన్స్‌లో ఖాళీ

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, వరద, పైపులు పగలడం అందులో ఉన్నాయి. ఇంట్లో సామాన్లకు మాత్రమే కూడా తీసుకోవచ్చు కాబట్టి అద్దెకున్నవాళ్లకూ పనికొస్తుంది. అయితే అది వాళ్ల సామాన్లకే డబ్బు ఇస్తుంది. వాళ్ల అజాగ్రత్త వల్ల ఓనర్ ఇంటికి జరిగిన నష్టం అందులోకి రాదు. ఓనర్ తన ఇంటికి పాలసీ తీసుకుని పరిహారం పొందినా కథ ముగియకపోవచ్చు. పాలసీ షరతులు ఒప్పుకుంటే, డబ్బు చెల్లించిన కంపెనీ ఓనర్ స్థానంలోకి వచ్చి ఆ మొత్తాన్ని నష్టం చేసినవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చు.

అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి ఈ ఖాళీని పూడ్చే రెంటర్స్ ఇన్సూరెన్స్ లేనిదే తాళం ఇవ్వరు. సాధారణంగా లక్ష డాలర్ల లయబిలిటీ కవర్, అంటే అద్దెదారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, అడుగుతారు. అక్కడి ప్రమాదాల్లో ఒకటి మన ఇళ్లలో ఊహకే రాదు. కొత్తగా వెళ్లిన విద్యార్థి ఇస్త్రీ చేసిన చొక్కాను హ్యాంగర్‌తో సహా సీలింగ్‌కున్న స్ప్రింక్లర్‌కు (మంటలొస్తే నీళ్లు చిమ్మే పరికరం) తగిలిస్తాడు. దానిలోని వేలెడు కూడా లేని గాజు గొట్టం పగిలితే నీళ్లు ఎవరో వాల్వ్ కట్టేదాకా ఆగవు, కింది అంతస్తుల్లోకీ దిగుతాయి. నెలకు కొన్ని డాలర్ల పాలసీ లేకపోతే అది చదువు అప్పుతో పోటీ పడే బిల్లు.

మొదటి రోజు పని

ఇక్కడి అద్దెదారుకు అలాంటి పాలసీ అలవాటు లేదు, డిపాజిట్ రక్షణ పథకమూ లేదు. ఉన్నది ఫోను. సామాన్లు దించకముందే గదిగదికీ తిరిగి వీడియో తీయవచ్చు: కప్‌బోర్డుల అడుగులు, సింకు కింద పైపులు, కిటికీ అద్దాల అంచులు, కమోడ్ వెనకవైపు. మీటర్ రీడింగ్ కూడా. వంటింట్లో, హాల్లో టైల్స్‌ను వేలి కణుపుతో తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగినవాటి మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి ఫోటో తీసి, అదే రోజు ఓనర్‌కు వాట్సాప్ చేస్తే తేదీతో సహా రుజువు రెండు ఫోన్లలోనూ ఉంటుంది. ఆ మెసేజ్‌లోనే ఇంకొకటి అడగవచ్చు: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ పెట్టె అటక మీద ఏమైనా ఉందా అని.